చక్ టేలర్ లో-టాప్: రోజూ వేసుకోవచ్చా?

కాన్వర్స్ వాళ్ళ చక్ టేలర్ ఆల్ స్టార్ లో-టాప్, నల్ల కాన్వాస్ రకం, నాకు కొన్నేళ్ళుగా రోజువారీ షూ. ఆఫీసుకీ, కూరగాయలకీ, ఊరెళ్ళే బస్సుకీ అదే. ఎవరైనా అడిగితే కొనమనే చెప్తాను, అది దేనికి పనికొస్తుందో తెలుసుకుని మరీ.

1917లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ కోసం చీలమండ కప్పేలా పుట్టిన షూ ఇది. చీలమండ కిందే ఆగే పొట్టి రకం, అంటే ఈ లో-టాప్, 1957లో వచ్చింది. మనకు పొట్టిదే నయం. ఇంటి గడప దగ్గర, గుడి దగ్గర, చుట్టాలింట్లో రోజుకు ఎన్నిసార్లు విప్పుతామో లెక్కుండదు. హై-టాప్ అయితే లేసు సగం ఊడదీస్తేగానీ కాలు బయటికి రాదు. లో-టాప్‌కి పైన లేసు కాస్త వదులుగా ముడేస్తే, వెనక చూపుడువేలు పెట్టి లాగితే చాలు, కాలు దూరిపోతుంది. మడమ దగ్గర తొక్కి మాత్రం దూర్చకండి. అక్కడ గుడ్డ ఒకసారి మడత పడిందంటే మళ్ళీ నిలబడదు.

సైజు ఒక అర తగ్గించి చూడండి, ఇవి కాస్త పెద్దగా వస్తాయి. వేళ్ళ దగ్గర పాదం వెడల్పుగా ఉన్నవాళ్ళు సాయంత్రం పూట, కాలు కొంచెం ఉబ్బినప్పుడు, సాక్సులతో వేసి చూసుకోవాలి.

సోల్ చదునుగా, పలచగా ఉంటుంది. నేల కాలికి తెలుస్తుంది, నాకది ఇష్టం. జిమ్‌లో బరువులెత్తేవాళ్ళు ఇలాంటివి ఇష్టపడేదీ అందుకే, కింద మెత్తగా నలగదు. కానీ రోజంతా నిలబడే పనికి, పెళ్ళిలో వడ్డనకి, ఇవి వద్దు. రాత్రికి మడమలు లాగేస్తాయి. ఇన్‌సోల్ వేద్దామంటే, లో-టాప్‌లో మడమ చుట్టూ గోడ తక్కువ. మందంది వేస్తే మడమ పైకి లేచి అడుగడుక్కీ జారుతుంది. సన్నదే వేయాలి.

నల్లరంగు ఎందుకంటే బైకు. గేరు పైకెత్తినప్పుడల్లా లివరు ఎడమ షూ మీద, వేళ్ళని కప్పే రబ్బరు టోపీకి కాస్త వెనక రాసుకుంటుంది. తెల్ల కాన్వాస్ అయితే ఆ మచ్చ ఎంత రుద్దినా పూర్తిగా పోదు. నల్లదాంట్లో కనపడదు.

ఎండాకాలంలో గుడ్డ కాబట్టి కాలికి గాలాడుతుంది, లోపలి వైపు రెండు రంధ్రాలూ ఉంటాయి. వానాకాలంలో ఆ రంధ్రాల్లోంచే నీళ్ళొస్తాయి. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద ఆరబెట్టాలి. వాషింగ్ మెషీన్ వద్దు, పాత టూత్‌బ్రష్షూ సబ్బూ చాలు. తెల్లవి ఉతికితే సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, తడి మీదే టిష్యూ పేపర్ చుట్టి నీడలో పెట్టండి. పసుపు మరకలు కాగితానికి అంటుకుంటాయి, గుడ్డకి కాదు.

అరిగేది ముందు వేళ్ళు వంగే చోట, గుడ్డా రబ్బరూ కలిసే అంచున. రబ్బరుని వేడి మీద గుడ్డకి అతికించేసిన తయారీ ఇది, తోలు బూట్లకి మార్చినట్టు అడుగు మార్చడం కుదరదు. చిన్న చిరుగైతే కుట్టించుకోవచ్చు.

చక్ 70 అని ఇంకో రకం 2013 నుంచి ఉంది. గుడ్డ మందం, లోపల మెత్తదనం ఎక్కువ, ధర కూడా ఎక్కువే. రోజూ బాగా నడిచేవాళ్ళు ఆ ధర తేడా పెట్టుకోవచ్చు. ఇల్లు, బైకు, ఆఫీసు కుర్చీ మధ్య తిరిగేవాళ్ళకి మామూలు ఆల్ స్టార్ సరిపోతుంది.