రాజమండ్రి ఎబొనైట్ పెన్ను: ఏళ్ల తరబడి రాశాక

స్కూల్లో ఇంకు పెన్నుతో రాసి, ఇప్పుడు మళ్లీ ఒకటి కొనుక్కుందామని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నాది రాజమండ్రిలో లేత్ మీద చేసిన నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను. టెన్త్ పాసయ్యాక నాన్నగారు కొనిపెట్టారు. గొట్టం మీద చెక్కిన పేరు ఎప్పుడో అరిగిపోయింది, క్లిప్పుకి పూత లేచిపోయింది. రాత మాత్రం కొన్నప్పటికన్నా ఇప్పుడే బాగుంది. రోజూ నాలుగు ముక్కలు రాసే అలవాటుంటే నిరభ్యంతరంగా కొనండి. బీరువాలో దాచుకోవడానికైతే వద్దు, లోపల ఇంకు ఎండి గడ్డకడుతుంది.

రాజమండ్రి అనగానే రత్నం పెన్ను గుర్తొస్తుంది. కోసూరి వెంకటరత్నం గారు గాంధీగారి మాట మీద స్వదేశీ పెన్నుల పని మొదలుపెట్టింది 1932లో. పంపిన పెన్ను బాగా రాస్తోందని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు వాడుకోవచ్చని 1935లో గాంధీగారు జాబు కూడా రాశారు. గైడర్ పెన్నులదీ ఆ ఊరే. పని తీరు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎబొనైట్ కడ్డీని లేత్‌కి బిగించి తిప్పుతూ చెక్కుతారు, లోపల తొలుస్తారు, మరలు కోస్తారు, చివర్న మెరుగు పెడతారు. ఎబొనైట్ అంటే బోలెడు గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన రబ్బరే. అరచేతిలో గట్టిగా రుద్ది వాసన చూడండి, తెలిసిపోతుంది. చెమట చేతుల్లో కూడా ప్లాస్టిక్‌లా జారదు.

ఇక అసలు గొడవకొస్తాను. స్కూల్లో ఇంకు పెన్ను మీద అందరి ఫిర్యాదూ ఒకటే, కక్కుతుందని. చొక్కా జేబు కింద నీలం మరక లేని మగపిల్లాడు మా క్లాసులో లేడు. మరల దగ్గర దారం చుట్టేవాళ్లు, సుద్దముక్కతో ఇంకు పీల్చేవాళ్లు, పాళీని జుట్టుకి తుడిచేవాళ్లు. ఇంకు దిగకపోతే విదిలించేవాళ్లు, ముందు బెంచీవాడి వీపు మీద చుక్కలు పడేవి. పెన్ను చెడ్డదని అందరం తీర్మానించేశాం. అదెందుకు కక్కుతుందో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

సంగతి చాలా చిన్నది. ఫిల్లరుతో నింపే పెన్నులో ఇంకు నేరుగా గొట్టంలోనే ఉంటుంది. నా దాంట్లో సుమారు 3 మిల్లీలీటర్లు పడుతుంది, ఇంకు నింపి అమ్మే చిన్న కార్ట్రిడ్జి గొట్టంలో పట్టేది 1 మిల్లీలీటరు లోపే. రాసేకొద్దీ ఇంకు తగ్గి ఆ చోటు గాలితో నిండుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, కింద మిగిలిన ఇంకుని పాళీ కిందుండే నాలిక మీదుగా బయటికి తోస్తుంది. అందుకే సరిగ్గా ఇంకు అయిపోవస్తున్నప్పుడే, అంటే పరీక్షలో చివరి అరగంటలో, కాగితం మీద బొట్టు పడేది. మూడో వంతు ఉండగానే మళ్లీ నింపేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మరలకి దారం బదులు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే వేళ్లకి మరక కూడా అంటదు. జేబులో ఎప్పుడూ పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి. విమానం ఎక్కేటప్పుడు పూర్తిగా నింపుకోండి, లేదా ఖాళీ చేసేయండి. సగం నిండిన పెన్నుతో మాత్రం ఎక్కొద్దు.

పాళీ విషయంలో ఇంగ్లీషు సమీక్షలు చదివి మోసపోకండి. వాళ్లకి మీడియం పాళీ హాయిగా ఉంటుంది, మనకి ఉండదు. మన అక్షరాల్లో అన్నీ సుళ్లూ గుండ్రాలే. పాళీ లావైతే సున్నా పూడిపోతుంది, ‘ఘ’ కి ‘ఫ’ కి తేడా తెలియదు, వత్తు కింద వత్తు పడితే ఇంకు ముద్దే మిగులుతుంది. కాబట్టి సన్న పాళీ తీసుకోండి. కొత్తలో కాస్త గీరుకుంటుంది. మేమైతే నాపరాళ్ల మీద అరగదీసి పాళీలు పాడుచేసేవాళ్లం. ఆ పని చెయ్యకుండా ఓపిగ్గా రాస్తూ ఉంటే, కొన్నాళ్లకి మీరు పట్టుకునే వాలుకి కొస అరిగి నున్నబడుతుంది. అలా ఒకసారి కుదిరాక ఎవరికీ అప్పివ్వాలనిపించదు. బ్యాంకులో ఎవరైనా ‘పెన్నిస్తారా’ అంటే ఇవ్వడానికి జేబులో వేరే బాల్ పెన్ను ఉంచుకుంటాను.

ఇంకు పెన్నులకని అమ్మే ఇంకు ఏదైనా ఫరవాలేదు. రాయల్ బ్లూ మీద నీళ్లు పడితే అక్షరం కరిగిపోతుంది, దాచుకోవాల్సిన కాగితాలకి పనికిరాదు. బొమ్మలేసే ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పొయ్యొద్దు, అందులోని లక్క ఎండితే నాలిక సందులు పూడుకుపోతాయి. రంగు మార్చినప్పుడు మామూలు చన్నీళ్లతో కడిగితే చాలు. వేణ్నీళ్లు తగిలినా, ఎండలో వదిలేసినా ఎబొనైట్ నలుపు పోయి పాచిరంగులోకి తిరుగుతుంది. నా పెన్నుకి మూత కప్పి ఉంచే భాగం ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది, గొట్టం మాత్రం గోధుమరంగుకి వచ్చింది. నాకది అడ్డనిపించలేదు, కొత్త మెరుపే కావాలనుకునేవాళ్లకి ఇదొక లోపమే.

మా రోజుల్లో హోదా అంతా హీరో పెన్నుది. బంగారు రంగు మూత, కొస తప్ప కనబడని పాళీ, నొక్కితే ఇంకు పీల్చే రబ్బరు తిత్తి. అది చేతిలో సన్నగా, తేలిగ్గా ఉంటుంది. పెన్ను వెంటబెట్టుకు తిరిగేవాళ్లకి ఇప్పటికీ ఆ తరహాదే నయం. ఎబొనైట్ పెన్ను లావు, పైగా మూత మరలు విప్పాలి, గభాలున తీసి సంతకం పెట్టడం కుదరదు. కూచుని పేజీలకి పేజీలు రాసేవాళ్లకి ఆ లావే మేలు, వేళ్లు బిగబట్టక్కర్లేదు కాబట్టి చెయ్యి నొప్పెట్టదు.

కొనేముందు గొట్టం విప్పి మరలు బిర్రుగా ఉన్నాయో లేదో చూసుకోండి. పాళీని ఇంకులో ముంచి, ఒత్తకుండా ‘లక్ష్మి’ అని రాసి చూడండి. వత్తు పూడకుండా, గీత తెగకుండా వస్తే డబ్బులిచ్చేయొచ్చు.