లక్షల కార్డు మేలా, దగ్గరి ఆసుపత్రి మేలా? శ్రీలంక, థాయ్‌లాండ్, రువాండా, మన ఆరోగ్యశ్రీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్ళను ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు పీడిస్తోంది. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి పండించే ఊళ్ళలోనూ 1990ల నుంచి ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. చాలామందికి షుగర్ ఉండదు, ముందునుంచీ బీపీ ఉండదు, అయినా కిడ్నీలు పాడవుతాయి. ఇదీ కారణమని రెండుచోట్లా ఖాయంగా తేల్చలేకపోయారు. మనిషి అదే ఎండలో అదే పొలం పని చేస్తాడు. కానీ జబ్బు పడ్డాక అతని ఇంటికి ఏమవుతుందన్నది అతను పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది.

2015లో ఐక్యరాజ్యసమితి 2030 నాటికి సాధించాలని పెట్టుకున్న లక్ష్యాల్లో మూడోది ఆరోగ్యం. అందులో 3.8 నంబరు అంశం, అందరికీ వైద్యం అందాలంటుంది, ఆ వైద్యం కోసం ఎవరూ చితికిపోకూడదనీ అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 450 కోట్ల మందికి అవసరమైన వైద్యం పూర్తిగా అందడం లేదు. వైద్యం ఖర్చుతో ఇబ్బంది పడేవాళ్ళు 200 కోట్ల మంది దాకా ఉన్నారు. అంటే ఈ విషయంలో లోకం సగం దారిలో కూడా లేదు.

అయితే డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమన్న మాట నిజం కాదు. పెద్దగా డబ్బు లేకుండానే చాలా దూరం వెళ్ళిన మూడు దేశాలున్నాయి. మూడూ మూడు దారులు పట్టాయి. వాటి పక్కన మన ఆరోగ్యశ్రీని పెట్టి చూద్దాం. నేను చూసేది ఒకటే: సర్కారు డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, మనిషి జబ్బు పడకముందా, పడ్డాకా?

శ్రీలంక: కార్డు లేదు, బిల్లూ లేదు

శ్రీలంకలో బీమా గొడవే లేదు. పన్నుల డబ్బుతో ప్రభుత్వమే ఆసుపత్రులు నడుపుతుంది. ఎవరైనా వెళ్ళొచ్చు, ఏ కార్డూ అడగరు. 1926లో కళుతరలో మొదటి ఆరోగ్య యూనిట్ పెట్టారు. 1931లో ఆడా మగా అందరికీ ఓటు వచ్చింది. ఆ తర్వాత 1934-35లో మలేరియా ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది. ఓటు చేతిలో ఉన్న జనం ఆసుపత్రి అడిగారు, నాయకులు కట్టక తప్పలేదు. 1951లో ఫీజులు ఎత్తేశారు.

కానీ నన్ను అడిగితే అక్కడి అసలు బలం ఆసుపత్రి భవనాల్లో లేదు, పబ్లిక్ హెల్త్ మిడ్‌వైఫ్ దగ్గర ఉంది. సుమారు 3,000 మంది జనాభాకు ఒకామె. పెళ్ళయిన జంటల పేర్లు ఆమె రిజిస్టర్‌లో ఉంటాయి. గర్భం వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి ఇంటికి వస్తుంది, కాన్పు తర్వాతా వస్తుంది. ఒక బాలింత చనిపోతే ఎందుకు పోయిందో విచారణ జరుగుతుంది. 1930ల్లో లక్ష కాన్పులకు రెండు వేలకు పైగా తల్లులు పోయేవారు, ఇప్పుడు ఆ సంఖ్య 30 ప్రాంతంలో ఉంది. 2018-20 లెక్కల్లో తెలంగాణలో అది 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశం మొత్తానికి 97. మన రెండు రాష్ట్రాలూ దేశంతో పోలిస్తే మెరుగే, కాదనను. అయినా ఆ చిన్న ద్వీపం మనకంటే ముందుంది. 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి ధ్రువీకరణ కూడా తెచ్చుకుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చిన్న ఆసుపత్రిని దాటేసి నేరుగా పెద్దాసుపత్రికి పోయినా అడిగేవాడుండడు, దాంతో పెద్దచోట్ల జాతర. సర్కారు డాక్టర్లే సాయంత్రం ప్రైవేటుగా చూస్తారు, అది చట్టబద్ధమే. కాస్త డబ్బున్నవాళ్ళు ఓపీకి అక్కడికే పోతారు. అందుకే వైద్యం ఉచితమన్న దేశంలోనూ మొత్తం ఖర్చులో సగం దాకా జనం జేబులోంచే వెళ్తోంది. ఇక 2022లో దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసినప్పుడు మందులు నిండుకున్నాయి, కొన్నిచోట్ల ఆపరేషన్లు వాయిదా వేశారు, డాక్టర్లు విదేశాలకు వెళ్ళిపోయారు. అంతా ఖజానా మీదే ఆధారపడితే ఖజానా ఖాళీ అయిన రోజు వచ్చే కష్టం అది.

థాయ్‌లాండ్: ఆరోగ్యంగా ఉన్నవాడి తరఫునా డబ్బు

అందరికీ తెలిసిన కథ 30 బాత్‌ల పథకం (బాత్ అక్కడి కరెన్సీ). 2001 ఎన్నికల్లో, ఆ తర్వాత ప్రధాని అయిన తక్సిన్ షినవత్ర హామీ ఇచ్చాడు, 2002 కల్లా దేశమంతా అమలైంది. దాదాపు ఏ జబ్బుకైనా ఒకసారి వెళ్తే 30 బాత్‌లు కడితే చాలు. తర్వాత కొంతకాలం అదీ తీసేశారు. ఉద్యోగులకు వేరే పథకాలున్నాయి, మిగతా జనం, అంటే నాలుగింట మూడు వంతుల మంది, దీని కిందికి వచ్చారు. అప్పటికి థాయ్‌లాండ్ తలసరి ఆదాయం ఏడాదికి 2,000 డాలర్ల లోపే. ప్రపంచ బ్యాంకు మనుషులతో సహా చాలామంది ఇది నిలబడదన్నారు. నిలబడింది.

ఎందుకు నిలబడిందో చూడాలంటే 30 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1972 నుంచే అక్కడ డాక్టరు చదివినవాళ్ళు గ్రామాల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. చేయకపోతే జరిమానా. 1980ల్లో పట్నం ఆసుపత్రులకు పెట్టుబడి ఆపి ఆ డబ్బుతో పల్లె ఆసుపత్రులు కట్టారు. అక్కడ అంఫో అంటే జనాభాలో ఇంచుమించు మన మండలమంత. దాదాపు ప్రతి అంఫోకీ డాక్టర్లు, ల్యాబ్, కాన్పుల గది ఉన్న ఆసుపత్రి వచ్చింది. మన మండలంలో ఉండే పీహెచ్‌సీని తలుచుకుంటే తేడా తెలుస్తుంది. వాటి కింద ఊళ్ళలో పది లక్షలకు పైగా ఆరోగ్య వలంటీర్లు పనిచేస్తున్నారు. పథకం వచ్చేనాటికి వెళ్ళడానికి ఒక చోటు ఉంది. లేకపోతే 30 బాత్‌లు పట్టుకుని ఎక్కడికి పోతారు?

రెండో సంగతి డబ్బు చెల్లించే పద్ధతి. దీన్ని రూపొందించినవాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ సంగువాన్ నిత్యారంఫోంగ్, పల్లె ఆసుపత్రిలో పనిచేసి వచ్చినవాడు. ఓపీకి, జబ్బులు రాకుండా చూసే పనికి ప్రభుత్వం తలకింత అని ముందే ఇచ్చేస్తుంది. మొదట మొత్తం మీద మనిషికి ఏడాదికి సుమారు 1,200 బాత్‌లు అనుకున్నారు, తర్వాత పెంచుకుంటూ పోయారు. పడకలో చేరిన వాళ్ళకయ్యే ఖర్చు ముందే హద్దు కట్టిన బడ్జెట్‌లోంచి వస్తుంది. అంటే తన పరిధిలోని మనిషి బీపీ అదుపులో ఉంటే ఆ ఆసుపత్రికే లాభం, పక్షవాతం వచ్చి పడితే దానికే నష్టం. మన దగ్గర లెక్క దీనికి తలకిందులు.

జనం జేబు ఖర్చు మొత్తం వైద్య ఖర్చులో మూడో వంతు నుంచి పదో వంతు దరిదాపుల్లోకి దిగింది. ఏ మందు ఇవ్వాలి, ఏది కుదరదు అన్నది కూడా కూర్చుని లెక్క వేసుకుంటారు. 2006లో ఎచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్ ఖరీదు ఎక్కువైందని పేటెంటును పక్కనపెట్టి లైసెన్స్ ఇచ్చారు, చౌక మందు మన దేశం నుంచి తెప్పించుకున్నారు. కంపెనీలు గోల పెట్టినా వెనక్కి తగ్గలేదు.

తలకింత ఇచ్చే పద్ధతికీ ఒక చిక్కు ఉంటుంది. డబ్బు ముందే వచ్చేసింది కదా అని ఆసుపత్రి రోగికి తక్కువ చేయొచ్చు, పెద్దాసుపత్రికి పంపడానికి వెనకాడొచ్చు. బ్యాంకాక్‌లో చేయని పరీక్షలకు బిల్లులు పెట్టిన క్లినిక్‌ల ఒప్పందాలు 2020లో రద్దయ్యాయి. ప్రభుత్వోద్యోగుల పథకంలో మనిషి మీద పెట్టే ఖర్చు మామూలు జనం మీద పెట్టేదానికి కొన్ని రెట్లు, ఆ అసమానత ఇంకా పోలేదు.

కిడ్నీ రోగి దగ్గరికి వస్తే, 2008 నుంచి వాళ్ళు ఇంట్లోనే కడుపు ద్వారా చేసుకునే డయాలసిస్‌ను ముందు పెట్టారు. ద్రవం సంచులు ఇంటికే చేరేవి. పల్లె మనిషి వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి మిషన్ దగ్గరికి పోనక్కర్లేదు. 2022లో ఏది కావాలంటే అది ఎంచుకోమన్నారు, జనం మిషన్ వైపు మళ్ళారు, ఖర్చు ఎగబాకింది. 2025లో మళ్ళీ పాత విధానానికే వచ్చారు. తప్పో ఒప్పో, దీని మీద బహిరంగంగా చర్చ జరిగింది. మన దగ్గర డయాలసిస్ సెంటర్ ప్రారంభోత్సవాలు జరుగుతాయి గానీ ఈ చర్చ జరగదు.

రువాండా: అందరికంటే పేద, అందరికంటే వేగం

1994లో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని ఊచకోత కోసిన దేశం అది. 1999లో మ్యుటుయెల్ అనే సామూహిక బీమాను కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టి, 2008 చట్టంతో అందరికీ తప్పనిసరి చేశారు. ఉన్నవాడు ఎక్కువ కడతాడు, లేనివాడు తక్కువ కడతాడు, నిరుపేదల వాటా సర్కారూ దాతలూ భరిస్తారు. పదిమందిలో తొమ్మిదిమంది దాకా చేరారు. ఊళ్ళో జనమే ఎన్నుకున్న ఆరోగ్య కార్యకర్తలు పిల్లల జ్వరం, నిమోనియా, విరేచనాలకు అక్కడికక్కడే మందిస్తారు. 2000లో వెయ్యిమంది పిల్లల్లో 196 మంది అయిదో ఏడు చూడకుండా పోయేవారు, 2019-20 సర్వేలో అది 45. మన దేశం సర్వేలో అదే సమయానికి 42. తలసరి ఆదాయంలో మనలో సగం కూడా లేని దేశం మన పక్కకు వచ్చి నిలబడింది! 2011లోనే ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మొదలుపెట్టారు, 2016 నుంచి కొండల మీది ఆసుపత్రులకు డ్రోన్లతో రక్తం పంపుతున్నారు.

డ్రోన్ల గురించి అందరూ రాస్తారు. నాకు భయం వేసే విషయం వేరే. ఈ వ్యవస్థలో పెద్ద భాగం పరాయి దేశాల డబ్బు మీద నడిచింది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఒక్క సంతకంతో ఆపేసినప్పుడు ఆఫ్రికా అంతటా క్లినిక్‌లు తల్లడిల్లాయి. ఇంకోటి, చిన్నపిల్లల జ్వరానికి గొప్పగా పనిచేసిన ఈ బీమా కిడ్నీ రోగికి చాలాకాలం పనికిరాలేదు. ఏళ్ళ తరబడి చేయించుకోవాల్సిన డయాలసిస్‌ను అది భరించేది కాదు. పేద దేశం ముందు పిల్లల్ని ఎంచుకుంది. దాన్ని తప్పు పట్టలేం గానీ, ఆ ఇంట్లో కూర్చున్న రోగికి ఇది ఓదార్పు కాదు.

ఇక మన కార్డు

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు ఉన్న ఇంటి పిల్లవాడికి కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరగడమన్నది అంతకుముందు ఊహకు అందని సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ కార్డు వల్ల బతికినవాళ్ళు మన చుట్టాల్లోనే ఉంటారు.

కానీ ఆ డబ్బు ఆపరేషనో పెద్ద చికిత్సో జరిగితేనే కదులుతుంది. నెట్‌వర్క్ ఆసుపత్రికి ప్యాకేజీ రావాలంటే మనిషి మంచం పట్టాలి. బీపీ బిళ్ళలు, షుగర్ పరీక్ష, ఓపీ ఫీజు దీని కిందికి రావు, మన ఇళ్ళల్లో నెలనెలా జేబు చిల్లుపడేది వాటితోనే. అందుకే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇప్పటికీ జనం ఉంటారు. మరోవైపు సర్కారు బకాయిలు పెరిగినప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులు ఇస్తాయి, మధ్యలో రోగికి టెన్షన్. పార్టీల పోటీ మాత్రం లిమిట్ మీదే. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలైంది, అదే నెల తెలంగాణలో 10 లక్షలైంది. 25 లక్షల జబ్బు ఎన్ని ఇళ్ళకు వస్తుంది, మూడొందల రూపాయల మందుల బిల్లు ఎన్ని ఇళ్ళకు వస్తుంది?

ఉద్దానం రోగికి డయాలసిస్ ఉచితం, నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, వంశధార నీళ్ళ పైప్‌లైన్ వచ్చాయి. ఇవన్నీ మంచివే. కానీ చాలామందికి కిడ్నీలు ముప్పాతిక పాడయ్యాకే జబ్బు సంగతి తెలిసేది. ఇంటింటికీ తిరిగి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించే మనిషికి జీతం ఇచ్చే ఏర్పాటు కార్డులో ఉండదు.

అయితే ఏది?

మన రెండు రాష్ట్రాలకు థాయ్ దారి మేలంటాను. మనకు డబ్బు అప్పటి థాయ్‌లాండ్ కంటే తక్కువేం లేదు, డాక్టర్లు తయారవుతున్నారు, లేనిదల్లా మండలానికి నమ్మకమైన ఆసుపత్రి. శ్రీలంక మిడ్‌వైఫ్‌ను దానికి జతచేయాలి. మనకు ఏఎన్‌ఎంలు, ఆశా వర్కర్లు ఉన్నారు కాబట్టి కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. వాళ్ళ మీద యాప్‌లు, సర్వేలు కుప్పపోయడం తగ్గిస్తే సగం పని అవుతుంది. రువాండా పద్ధతి తలసరి ఆదాయం వెయ్యి డాలర్ల దగ్గరున్న దేశానికి, ఊరి కార్యకర్తల వరకు, సరైనది. ప్రీమియం కోసం కూలివాళ్ళ దగ్గర వసూళ్ళు మనకు అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీని తీసేయమనడం లేదు. లిమిట్ అక్కడే ఆపి, ఏటా పెరిగే బడ్జెట్‌ను ఓపీకి, బిళ్ళలకు, మండల ఆసుపత్రికి తలకింత లెక్కన మళ్ళించమంటున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి, హైదరాబాద్‌లో 2018 నుంచి ఉన్న బస్తీ దవాఖానాలు ఆ దిశలోనివే. ప్రభుత్వం మారితే పేరు మార్చడం తప్ప వాటి జోలికి పోకుండా ఉంటే చాలు. ఇందులో నాకు ఎక్కువ అనుమానం ఉన్నది డాక్టర్ల విషయంలోనే. కోటి రూపాయలు పోసి ప్రైవేటు కాలేజీలో సీటు కొన్న కుర్రాణ్ణి మూడేళ్ళు మారుమూల కవిటిలోనో ఉట్నూరులోనో ఉండమంటే ఉంటాడా? థాయ్‌లాండ్‌లో ఈ నిబంధన నిలబడింది, అక్కడ ఎక్కువమంది సర్కారు కాలేజీల్లో సర్కారు ఖర్చుతో చదివినవాళ్ళు కాబట్టి. మన దగ్గర ముందు తేలాల్సింది సీట్ల సంగతే.