ఎస్కొరియాలా, అల్కొబాసానా? ఒక్క మఠమే చూడాలంటే ఏది మేలు?

స్పెయిన్, పోర్చుగల్ వెళ్లే మిత్రులు ప్రతి వేసవిలో అడిగే ప్రశ్న ఇది. "అన్ని మఠాలూ తిరిగే తీరిక లేదు, ఒక్కటి చెప్పండి" అంటారు. వాళ్ల జాబితాలో మాడ్రిడ్ దగ్గరి ఎస్కొరియాల్, లిస్బన్‌లోని జెరోనిమోస్ ముందే ఉంటాయి. పోర్చుగల్‌లోని అల్కొబాసా ఉండదు. నేను చేర్చమనేది దాన్నే.

రాకపోకల్లో ఎస్కొరియాల్‌దే పైచేయి. మాడ్రిడ్‌కు సుమారు 50 కిలోమీటర్లు. లోకల్ రైలు, బస్సు రెండూ ఉన్నాయి. అల్కొబాసా లిస్బన్‌కు ఉత్తరంగా దాదాపు 120 కిలోమీటర్లు. ఊళ్లోకి రైలు లేదు. బస్సో, అద్దె కారో చూసుకోవాలి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఇది చిన్న ఇబ్బందేమీ కాదు.

ఎస్కొరియాల్ గొప్పదనానికీ లోటు లేదు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1563లో మొదలుపెట్టించిన ఈ బూడిదరంగు గ్రానైట్ మహా కట్టడం 1584కి పూర్తయింది. గ్రంథాలయంలో పుస్తకాల బంగారు అంచులు మనవైపు, వెన్నులు గోడవైపు ఉంటాయి. రాజు మంచం మీద నుంచే ప్రార్థన చూసేలా పడకగదిని చర్చి ప్రధాన పీఠం పక్కనే కట్టారు. 1598లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. అయితే ఇది ఒకేసారి రాజభవనం, రాజుల సమాధి, మఠం. ఈ మూడింటిలో సందర్శకుడి కంటికి అతి తక్కువగా ఆనేది మఠమే. అగస్టీనియన్ శాఖ సన్యాసులు ఇప్పటికీ ఉన్నారు కానీ మనం తిరిగేది ఎక్కువగా రాజుగారి గదుల్లోనే.

నా మటుకు తేల్చే అంశం ఒక్కటే: అక్కడ బతికిన సన్యాసికి పొద్దు ఎలా గడిచేదో ఆ గోడల మధ్య తిరుగుతూ పోల్చుకోగలమా? అల్కొబాసాలో పోల్చుకోగలం. 1153లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులకు పోర్చుగల్ తొలి రాజు ఇచ్చిన చోటు ఇది. ముఖద్వారం 18వ శతాబ్దపు అలంకారం, దాన్ని చూసి అంచనా వేయకండి. లోపల చర్చి 106 మీటర్ల పొడవు, 20 మీటర్ల ఎత్తు. తెల్లని రాయి తప్ప బొమ్మలూ రంగులూ దాదాపు లేవు. ఆడంబరం వద్దన్న శాఖ నియమం కట్టడంలోనే కనిపిస్తుంది. పక్కన మన మండువా ఇంటిలా నడుమ ఆకాశం వదిలిన ప్రాంగణం, దాని చుట్టూ భోజనశాల, సమావేశ మందిరం, పైన అందరూ కలిసి పడుకున్న పొడవాటి హాలు. భోజనశాల గోడ మందంలోనే మెట్లు తొలిచి ఒక వేదిక కట్టారు. మిగతావారు మౌనంగా తింటుంటే ఒకరు అక్కడ నిలబడి గ్రంథం చదివేవారు. ఇక వంటగది! పలకలు తాపిన బ్రహ్మాండమైన పొగగొట్టం, నది నుంచి మళ్లించిన నీటి పాయ నేరుగా వంటింట్లోకి. నిరాడంబర నియమం ఇక్కడ కాస్త సడలినట్టే ఉంది.

చర్చిలో పేద్రో, ఇనెస్‌ల సమాధులు ఎదురెదురుగా ఉన్నాయి. పోర్చుగల్ యువరాజు పేద్రో ప్రేమించిన ఇనెస్‌ను 1355లో అతని తండ్రే చంపించాడు. రాజయ్యాక పేద్రో చెక్కించిన ఈ సమాధుల్ని నెపోలియన్ సైనికులు కొంత పగలగొట్టినా, శిల్పం చెక్కుచెదరని భాగాలే ఎక్కువ. లోటు ఒకటుంది: 1834లో పోర్చుగల్ మఠాలను రద్దు చేశాక ఇక్కడ సన్యాసులు లేరు. సన్యాసులే ముఖ్యమనుకుంటే స్పెయిన్‌లోని కాటలోనియాలో ఉన్న పొబ్లెత్‌కు వెళ్లండి; అదీ సిస్టర్షియన్ మఠమే, 1940లో మళ్లీ నిండింది.

జెరోనిమోస్ ట్రామ్ ఎక్కితే చేరేంత దగ్గర. సుగంధ ద్రవ్యాల వ్యాపారంపై వేసిన పన్నుతో కట్టింది కాబట్టి ఆ శిల్పాల్లో మలబారు మిరియాల సొమ్మూ ఉంది. వాస్కోడగామా సమాధీ అక్కడే. లిస్బన్‌లో ఉన్నవారు ఎలాగూ చూస్తారు, దానికోసం ప్రత్యేకంగా రోజు కేటాయించనక్కర్లేదు. బార్సిలోనా దగ్గరి మోంత్సెరాత్ మఠానికి వెళ్లాల్సింది అది ఉన్న కొండ కోసం. లిస్బన్ దగ్గరి మాఫ్రా మఠం గ్రంథాలయ ప్రియులకు.

శాకాహారులకు ఒక మాట: మఠాల పేరుతో అమ్మే మిఠాయిలు చాలావరకు గుడ్డు పచ్చసొనతో చేసినవే.

కారు తీసుకుంటే అల్కొబాసాకు 20 కిలోమీటర్ల దూరంలోని బటాల్యా మఠాన్ని కూడా కలపండి. పైకప్పు వేయకుండా వదిలేసిన రాజుల సమాధి మందిరాలు అక్కడున్నాయి. మీకు మిగిలింది సోమవారమైతే ఆలోచించే పనే లేదు: ఎస్కొరియాల్, జెరోనిమోస్ రెండూ ఆ రోజు మూసి ఉంటాయి, అల్కొబాసా తెరిచే ఉంటుంది.