పాత జర్మన్ రిపీటర్ ఎయిర్ రైఫిల్: హేనెల్ 33 మేలా, 310 మేలా?

జాతరలో బెలూన్లు కాల్చే ఎయిర్‌గన్ మనందరికీ తెలుసు. కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ మడిచి, ఒక్క గుండు పెట్టి, మళ్లీ మూయాలి. జర్మన్లు దీనికి భిన్నమైన రకం ఒకటి చేశారు. మ్యాగజైన్‌లో సీసపు గుండ్లు నింపి, బోల్ట్ పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు, స్ప్రింగూ బిగుస్తుంది, గుండూ లోపలికి చేరుతుంది. వీటినే రిపీటర్లు అంటారు. పాతవి సేకరించేవాళ్లకు ముందుగా ఎదురయ్యేవి రెండు. రెండూ తురింగియా కొండల్లోని జూల్ పట్టణంలో, 1840లో మొదలైన హేనెల్ పేరుతో తయారైనవే. ఒకటి రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి మోడల్ 33, రెండోది తూర్పు జర్మనీ కాలపు మోడల్ 310.

చరిత్ర కోసమైతే 33కి సాటి లేదు. దాని రూపకర్త హ్యూగో ష్మైసర్. తర్వాత యుద్ధకాలంలో ఎస్‌టీజీ 44 రైఫిల్‌ని రూపొందించింది ఆయనే. యుద్ధం ముగిశాక 1946లో సోవియట్ వాళ్లు ఆయన్ని రష్యాలోని ఇజెవ్‌స్క్ నగరానికి తీసుకెళ్లారు. 1952లో తిరిగొచ్చి, మరుసటి ఏడాదే చనిపోయారు. అలాంటి మనిషి పిల్లల చేతికిచ్చే గాలి తుపాకీ గురించి కూడా అంత శ్రద్ధగా ఆలోచించాడని 33ని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. ఉక్కు, చెక్క తప్ప మరొకటి కనపడదు. బోల్ట్ కదలికలో పెద్ద రైఫిల్ గాంభీర్యం ఉంటుంది. అయితే అది పుట్టిన కాలం ఎలాంటిదో మర్చిపోకూడదు. జర్మనీ తన కుర్రాళ్లను సైన్యానికి సిద్ధం చేస్తున్న రోజులవి. 310 కథ కూడా దీనికి మరీ దూరం కాదు. 1952లో మొదలై 1990లో రద్దయిన జీఎస్‌టీ అనే సంఘం తూర్పు జర్మనీలో యువతకు గురి నేర్పేది. అక్కడ వాడిన తుపాకుల్లో 310 ఒకటి. సేకరించేవాళ్లు ఈ రెండు విషయాలూ తెలిసి సేకరించాలి.

ఇక వాడకం సంగతి. రెండింటికీ 4.4 మిల్లీమీటర్ల గుండ్రని సీసపు గుండ్లే కావాలి. కొట్లో సులభంగా దొరికే 4.5 గుండ్లు వేస్తే ఇరుక్కుంటాయి. ఉక్కు గుండ్లు అసలు వేయొద్దు. బ్యారెల్ పాడవుతుంది, పైగా గట్టి వస్తువుకు తగిలితే ఎగిరి వెనక్కి వస్తాయి. నడుము సన్నగా ఉండే పెల్లెట్‌కి ఉన్నంత గురి గుండ్రని గుండుకి ఉండదు. కాబట్టి పది మీటర్ల లోపు కాగితపు లక్ష్యాలకే ఇవి బాగుంటాయి. ఆ మాత్రం దూరానికి 310 తేలిగ్గా, హాయిగా ఉంటుంది. ఆరు గుండ్లు అయ్యేదాకా చెంపను చెక్క మీద నుంచి పెద్దగా కదిలించనక్కర్లేదు.

నా లెక్కలో అసలు తేడా మ్యాగజైన్ దగ్గరే ఉంది. రిపీటర్‌కి ప్రాణం అదే. చేతి వేలంత కూడా లేని ఆ చిన్న రేకు పెట్టె దశాబ్దాల్లో ఎక్కడో పడిపోతుంది, తుపాకీ మాత్రం మిగులుతుంది. నేను మొదట కొన్న 33 చెక్క నిగనిగలాడింది, ఇనుము మీద నల్లటి పూత చెక్కుచెదరలేదు. మ్యాగజైన్ లేదు. అమ్మినాయన సులువుగా దొరుకుతుందన్నాడు. నెలల తరబడి వెతికాను. చివరికి దొరికిన దానికి పెట్టిన డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 310కి ఈ బాధ తక్కువ. ఎక్కువ సంఖ్యలో తయారైంది కాబట్టి మ్యాగజైన్లు, స్ప్రింగులు, వాషర్లు జర్మనీలో ఇంకా దొరుకుతున్నాయి.

సంరక్షణలోనూ ఇదే వరస. 33లో పిస్టన్‌కి తోలు వాషర్ ఉంటుంది. మన సైకిల్ పంపులో తోలు ఎండిపోతే గాలి కొట్టదు, కొబ్బరినూనె రాస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది కదా, ఇదీ అంతే. ఏళ్లుగా అటక మీద పడి ఉన్న తుపాకీ బలహీనంగా కాలిస్తే స్ప్రింగ్ పోయిందని తొందరపడొద్దు. తోలుకు తగిన నూనె రెండు మూడు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. నూనె ఎక్కువైతే లోపల వేడికి మండి, ఆ దెబ్బకు స్ప్రింగ్ దెబ్బతింటుంది. గుండు లేకుండా కాల్చడం, స్ప్రింగ్ బిగించి గంటల తరబడి వదిలేయడం రెండు తుపాకులకీ హానే. విప్పేటప్పుడు స్ప్రింగ్ ఒత్తిడితో ఉంటుందని గుర్తుంచుకుని, దాన్ని అదిమిపట్టే బిగింపు పనిముట్టు ఉంటేనే మొదలుపెట్టండి. తుప్పు మచ్చలు కనిపించాయని 33కి కొత్త పూత వేయించొద్దు. సేకరించేవాళ్ల దృష్టిలో దాని విలువ సగం ఆ పాత పూతలోనే ఉంది. 310ని మాత్రం అంత భయంగా చూసుకోనక్కర్లేదు, విప్పి నేర్చుకోవడానికి అదే సరైనది.

రెండూ వద్దనుకునేవాళ్లకు జర్మనీలోని ఉల్మ్ నగరంలో తయారైన అన్షుట్జ్ 275 ఉంది. పనితనం బాగుంటుంది, అదీ 4.4 గుండ్ల రిపీటరే. కానీ విడిభాగాలు 310కి దొరికినంత సులువుగా దొరకవు.

కాబట్టి మొదటిసారి కొనేవాళ్లు 310తోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. 33ని మ్యాగజైన్‌తో సహా పూర్తిగా దొరికినప్పుడే కొనాలి, ఎక్కువగా దాచుకోవడానికే కొనాలి. అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు జేబులో నాలుగు 4.4 గుండ్లు పెట్టుకుని వెళ్లండి. వాళ్లను అడిగి మ్యాగజైన్ నింపి, సురక్షితమైన చోట కాల్చి చూడండి. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్టు కాదు, ఒక గుండు అప్పటికే బ్యారెల్‌లో ఉండొచ్చు. సీసం తగిలిన చేతులు కడుక్కోండి.

జర్మనీలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ 7.5 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి ఐదు భుజాల గడిలో ఎఫ్ అక్షరం ఉన్న ముద్ర ఉండాలి. పశ్చిమ జర్మనీలో 1970 జనవరి 1కి ముందు, తూర్పు ప్రాంతంలో 1991 ఏప్రిల్ 2కి ముందు తయారై అప్పటి నిబంధనల ప్రకారం అమ్మిన వాటికి ఆ ముద్ర లేకపోయినా 18 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు. అందుకే 310లు అంత స్వేచ్ఛగా చేతులు మారుతున్నాయి. సెలవులకు ఊరెళ్తూ సూట్‌కేసులో పెట్టుకెళ్లాలన్న ఆలోచన మాత్రం మన ఆయుధాల నిబంధనలు, కస్టమ్స్ అనుమతులు కనుక్కోకుండా చేయకండి.