నాలుగేళ్ళు, పదమూడు పాటలు: ఒక ఫ్రీలాన్స్ మ్యూజిక్ ప్రొడ్యూసర్‌తో నా అనుభవం

మొదటి పాటకు నేను పంపిన వోకల్‌లో కుక్కర్ విజిల్ ఉంది. రెండో చరణంలో, సరిగ్గా నేను ఊపిరి తీసుకునే చోట. పంపేముందు ముప్పై సార్లు విని ఉంటాను, ఒక్కసారీ నా చెవిన పడలేదు. అతను విన్నాక అన్న మొదటి మాట: "అక్కా, పక్కింట్ల పప్పు ఉడుకుతుందా?"

2021 దసరాకు ముందు సంగతి ఇది. అప్పటి నుంచి పదమూడు పాటలు అతనితోనే చేయించాను. నేను కరీంనగర్‌లో ఒక బడిలో తెలుగు చెప్తాను. మా అమ్మ, పెద్దమ్మ పాడే నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు సేకరించి, పాడి, ఒక చిన్న యూట్యూబ్ ఛానెల్‌లో పెడుతుంటాను. అతను హైదరాబాద్ కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ట్రాక్ (పాట వెనక సంగీతం) కట్టేదీ, గొంతునూ వాయిద్యాలనూ సరిపాళ్ళలో కలిపే మిక్సింగ్ చేసేదీ, విడుదలకు ముందు చివరి మెరుగు పెట్టే మాస్టరింగ్ చేసేదీ అతనొక్కడే. సినిమావాళ్ళకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేస్తూ, ఆ సందుల్లో నాలాంటి వాళ్ళ పని చూస్తాడు. పేరు రాయను. ఇందులో మెచ్చుకోలు ఎంతుందో తిట్లూ అంతే ఉన్నాయి.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, అందరూ అదే అడుగుతారు. మొదటి పాటకు ట్రాక్, మిక్సింగ్, మాస్టరింగ్ అన్నీ కలిపి 12,000 తీసుకున్నాడు. ఇప్పుడు 18,000. సగం అడ్వాన్స్, మిగతాది ఫైనల్ ఫైల్ ఇచ్చేటప్పుడు. వాయిద్యకారుడు వచ్చి వాయిస్తే అది వేరే. కరెక్షన్లు మూడు సార్లు ఉచితం, నాలుగో దాని నుంచి వెయ్యి చొప్పున. ఈ వెయ్యి నిబంధన నా పుణ్యమే. మొదటి పాటను పదకొండు సార్లు మార్పించాను. ప్రతిసారీ వాయిస్ మెసేజ్‌లో "ఫీల్ రాలేదు తమ్ముడూ" అనేదాన్ని. ఆరోసారో ఏడోసారో అతను ఓపిగ్గానే జవాబిచ్చాడు: "ఫీల్‌కు నా దగ్గర బటన్ లేదక్కా. ఏ నిమిషం దగ్గర ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది, అది చెప్పండి." అప్పటి నుంచి నోట్‌బుక్ పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. 1:12 దగ్గర కోరస్ నా గొంతు మీదికి వస్తోంది, 2:40 దగ్గర వేణువు చరణం మొదటి అక్షరాన్ని మింగేస్తోంది, ఇట్లా. ఇప్పుడు రెండు విడతల్లో పాట తేలిపోతోంది.

కుక్కర్ సంగతికొస్తే, ఆ రోజు నన్ను హైదరాబాద్ రమ్మన్నాడు. జేబీఎస్‌లో బస్సు దిగి పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కితే యూసఫ్‌గూడ దాకా మారకుండా వెళ్ళిపోవచ్చు, అక్కడి నుంచి నడక. అతను నా గొంతు ఒక్కటే ఉంచి మిగతావన్నీ మ్యూట్ చేసి వినిపించాడు. ఫ్యాను తిరుగుతోంది. టైల్స్ గచ్చు మీంచి నా గొంతు తిరిగొచ్చి బావిలోంచి పాడినట్టుంది. 'ప' వచ్చిన ప్రతిచోటా మైకు మీద గాలి కొట్టిన చప్పుడు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఫ్యాన్ మోత కొంచెం తగ్గించగలను గానీ గదిని తీసెయ్యలేనక్కా, మళ్ళీ పాడాల్సిందే" అన్నాడు. అప్పుడిచ్చిన సలహాతోనే ఈనాటికీ రికార్డింగ్ చేస్తున్నాను: చీరల బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి, వెనక తాడు మీద రెండు బొంతలు వేలాడదీసి, బీరువా వైపు తిరిగి పాడటం. మైకు ఆడియో టెక్నికా ఏటీ2020, దానికి కరెంటు అందించే పెట్టె ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో. అంతకు మించి ఏమీ కొననివ్వలేదు. "ముందు బొంతలు, తర్వాత మైకు" అనేవాడు. రికార్డింగ్‌ను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా డ్రైవ్‌లో పెట్టాలి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే తెరవను కూడా తెరవడు.

అతనితో నాకు మొదటి పెద్ద గొడవ మా పెద్దమ్మ వల్ల వచ్చింది. రెండో పాట ఫైనల్ తీసుకుని వేములవాడ దగ్గరి మా ఊరికి పోయి ఆమెకు ఫోన్లో వినిపించాను. చేతిలో బీడీ ఆకు కత్తిరిస్తూ మొత్తం విని, "మంచిగనే ఉంది గని, గిదెవలు పాడిన్రే?" అంది. నేనేనంటే నమ్మలేదు. తిరిగొచ్చి పదేపదే విన్నాక తెలిసింది. బతుకమ్మ పాటలో 'ఉయ్యాలో' అనే చోట 'లో' మీద గొంతు పైనుంచి కిందికి జారుతుంది, మధ్యలో ఏ స్వరం మీదా నిలబడదు. పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి అతను ఆ జారుడుబండను మెట్లు చేశాడు. మెట్లు చక్కగానే ఉన్నాయి, ఒక్కటీ శ్రుతి తప్పలేదు. నా గొంతులో ఉండే జీర కూడా పోయింది.

ఫోన్ చేసి అడిగితే ముందు ఒప్పుకోలేదు. "అందరికీ ఇట్లనే చేస్తానక్కా, చేయకపోతే శ్రుతి పోయిందని కామెంట్లు పెడతరు" అన్నాడు. నేను పెద్దమ్మ పాడిన పాత ఫోన్ రికార్డింగ్ పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పాటను కొత్తగా పంపాడు. నిజంగా తప్పిన నాలుగైదు చోట్ల మాత్రం సరిచేసి, జారుడు ఎక్కడుంటే అక్కడ చేయి పెట్టలేదు. నా ఊపిరి చప్పుళ్ళు కూడా తిరిగొచ్చాయి. ఆ తర్వాతి పాటలన్నింటికీ అదే పద్ధతి. నేనిచ్చే డబ్బులో ఎక్కువ భాగం అతను చేసే పనికన్నా చేయకుండా వదిలేసే పనికే పోతోందని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది, అందుకు బాధ లేదు.

రెండో గొడవ క్లిక్‌తో. హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్ పెట్టుకుని పాడితేనే ట్రాక్ కుదురుతుందన్నాడు. పాడాను. నాట్ల పాట కాస్తా బడిలో పొద్దుటి ప్రార్థనలా వచ్చింది. బురదలో వంగి నాటేవాళ్ళు లోహపు తాళానికి పాడరు. పొద్దున చేతులు సాగనప్పుడు నిదానంగా మొదలవుతుంది, మడి సగమయ్యేసరికి ఊపందుకుంటుంది. ముందు పాడే మనిషి ఒక్క క్షణం ఆగితే వెనకవాళ్ళూ ఆగుతారు. ఇదంతా చెప్తే విని, మూడో పాటకు అతనే అన్నాడు: "క్లిక్ తీసేసి పాడండక్కా. నేనే మీ వెనక వస్త."

చేత్తో తొడ మీద తట్టుకుంటూ పాడాను. అతను నా పాటలో ఒక్కో దెబ్బ ఎక్కడ పడిందో వెతికి, క్యూబేస్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో గుర్తులు పెట్టి, సాఫ్ట్‌వేర్ తాళాన్నే నా పాటకు తగ్గట్టు వంచాడు. నేను పోయిన రోజు తెరమీద చూపించాడు. పాట మొదట్లో నిమిషానికి 88 దెబ్బలు, చివరికొచ్చేసరికి 97. ఎక్కడ అలిసిపోయానో, ఎక్కడ హుషారొచ్చిందో గ్రాఫులా కనిపిస్తోంది. దానికి రెండు వేలు ఎక్కువ అడిగాడు, బేరమాడకుండా ఇచ్చాను.

డప్పు గురించి రాయకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. మొదటి ఆరు పాటల్లో లూపులే, అంటే ముందే రికార్డు చేసి అమ్మే ముక్కలు. సాంపిల్ ప్యాకుల్లో డప్పు పేరుతో దొరికేది ఢోలుకు ఎక్కువ, తాషాకు తక్కువ. పట్నపు చెవికి తేడా తెలియదేమో గానీ మా ఊళ్ళో తెలుస్తుంది. ఏడో పాటకు మొండిపట్టు పట్టి మా ఊరి నుంచే ఒక తాతను బస్సులో వెంట తీసుకెళ్ళాను. తాత గదిలోకి రాగానే ఒక దెబ్బ వేసి, తల అడ్డంగా ఊపి, "మెత్తవడ్డది. మంట యాడ వెట్టుకోవాలె?" అన్నాడు. మేకతోలు కాగితేనే బిగుస్తుంది, బిగిస్తేనే పలుకుతుంది. అపార్ట్‌మెంట్ మేడ మీదికి పోయి పాత పేపర్లు కాల్చి కాచాం. కిందికి దిగి ఏసీ గదిలో కూర్చుంటే పది నిమిషాల్లో మళ్ళీ మెత్తబడింది. అట్లా మేడకూ గదికీ మధ్య నాలుగు సార్లు తిరిగాం. ఓనరు కింద నుంచి పొగ చూసి పైకొచ్చాడు, ఆ కథ వేరే.

నేను మెచ్చుకునేది ఆ తర్వాతి పని. డప్పుకు కుడిచేతిలో సిర్ర అనే కర్ర ఉంటుంది, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. గుండెలో తగిలే దెబ్బ సిర్రది. అతను రెండు మైకులు పెట్టాడు, ఒకటి దగ్గరగా, ఒకటి గది మూల. మిక్స్ విన్నప్పుడు సిటికెన పుల్ల చప్పుడు బాగా ముందుకు తెచ్చాడు. నాకు నచ్చక అడిగితే ఎదురుప్రశ్న వేశాడు: "మీ పెద్దమ్మ దేంట్ల వింటదక్కా?" ఫోన్లో వింటుంది. "ఫోన్ స్పీకర్ల 200 హెర్ట్జ్ కింద ఉన్నది సరిగ్గ రాదు. సిర్ర దెబ్బ సగం అక్కడనే ఉన్నది. పుల్ల చప్పుడు వినపడితే మిగిలిన దెబ్బను చెవే పూరించుకుంటది." పెద్ద స్పీకర్లు ఆపేసి తన ఫోన్‌లో పాత మిక్స్, కొత్త మిక్స్ పక్కపక్కన వినిపించాడు. మొదటి దాంట్లో డప్పు లేనే లేదు. రెండో దాంట్లో తాత కనిపిస్తున్నాడు.

మాస్టరింగ్ దగ్గర అతను అడిగే ప్రశ్న ఒకటే: "యూట్యూబ్‌కా, బరాత్‌కా?" డీజే పాటలు చేసి చేసి అతనికి ఈ అలవాటు. యూట్యూబ్ పెద్ద శబ్దంతో ఉన్న పాటను దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తనే తగ్గిస్తుంది. అందుకని పాటను పిండి పిండి గట్టిగా చేస్తే ఒరిగేదేం లేదు, ఎత్తుపల్లాలు చదునైపోవడం తప్ప. నాకు గట్టిగా వద్దు. ఊళ్ళో మైకు సెట్టు మీద వేయడానికి మాత్రం రెండోది అడుగుతాను, రెంటికీ కలిపే డబ్బు.

ఇక తిట్లు. ఇతనికి సొంతంగా ఇంటర్లూడ్ (చరణాల మధ్య వచ్చే సంగీతం) కట్టడం రాదు. వస్తుందని అతను అనుకుంటాడు. వేణువు, కింద స్ట్రింగ్స్, చివర్లో గజ్జెల చప్పుడు. పదమూడింటిలో ఏడు పాటల ఇంటర్లూడ్లు ఒకే తల్లి పిల్లలు. ఇప్పుడు నేనే గొంతుతో హమ్ చేసి పంపుతున్నాను, దాన్ని వాయిద్యాల్లోకి మారుస్తున్నాడు. మిక్సింగ్‌కు అతనికి పదికి తొమ్మిది వేస్తాను, సంగీతం కట్టడానికి అయిదు.

టైముకు సున్నా. సినిమా రీరికార్డింగ్ పని వచ్చిందంటే మనిషి మాయం. 2023లో బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూల నాటికి రావాల్సిన పాట చివరి రోజు సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం ఆరింటికి వచ్చింది. పాట బంగారంలా ఉంది. వాకిట్లో ఆడోళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు బయల్దేరుతున్నారు. ఏడాది పాటు ఆ పాటను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పట్నుంచి పండగ పాటకు అడ్వాన్స్ మూడు నెలల ముందే ఇస్తున్నాను, తారీఖు కూడా నెల ముందుది చెప్తున్నాను. ఈ అబద్ధం అతనికి తెలుసని నాకు తెలుసు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఫైళ్ళతో తగిలింది. ఒక సభలో పాడటానికి నాలుగో పాట మైనస్ ట్రాక్ (గొంతు లేకుండా సంగీతం ఒక్కటే) కావాలని అడిగితే, హార్డ్ డిస్క్ పోయిందన్నాడు. నాలుగు, అయిదు పాటల ప్రాజెక్టులు రెండూ అందులోనే. నా దగ్గరున్నది ఫైనల్ ఒక్కటే, దాంట్లోంచి గొంతును వేరు చేస్తే మిగిలేది తడిసిన పేపరులాంటి సంగీతం. ఇప్పుడు రెండో సగం డబ్బు ఇచ్చే ముందే గొంతు, డప్పు, వాయిద్యాలు, కోరస్ విడివిడి స్టెమ్స్‌గా నా డ్రైవ్‌లోకి రావాలి. ఫైనల్ విన్న ఆనందంలో ముందే ఫోన్‌పే కొట్టేస్తే స్టెమ్స్ ఇక రావు, రెండుసార్లు చూశాను.

తొమ్మిదో పాట మీద యూట్యూబ్‌లో ఎవరో కాపీరైట్ క్లెయిమ్ వేశారు. తీరా చూస్తే అది ఇంటర్లూడ్‌లోని వేణువు లూపు మీద. ప్యాకులో అందరూ కొనుక్కునే లూపునే ఇంకెవరో తమ పాటలో వాడి, ఆ పాటను కంటెంట్ ఐడీలో, అంటే కాపీలను పట్టే యూట్యూబ్ వ్యవస్థలో ఎక్కించేశారు. డిస్ప్యూట్ (అభ్యంతరం) వేస్తే జవాబివ్వడానికి అవతలివాళ్ళకు 30 రోజుల గడువు ఉంటుంది. లూపు కొన్న లైసెన్సు రసీదు పంపమంటే అతనికి వెతకడానికి వారం పట్టింది. క్లెయిమ్ వదిలేశారు గానీ, ఆ నెల నిద్ర లేదు.

దాని తర్వాతే కాగితం రాయించుకున్నాను. తెలిసిన వకీలు ఒకరు చెప్పిందిది: 1957 కాపీరైట్ చట్టం లెక్కలో రికార్డింగ్‌కు ప్రొడ్యూసర్ అంటే దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత మోసిన మనిషి, అంటే నేనే. కానీ అతను కొత్తగా కట్టిన సంగీతం హక్కు నాకు రావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే అనుకుంటారు, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. ఒక పేజీ రాసి ఇద్దరం సంతకం పెట్టాం. అతను చదవకుండానే పెట్టాడు, చదివి పెట్టమని నేనే కూర్చోబెట్టాను. అన్నట్టు, పేర్ల దగ్గర నా తప్పూ ఒకటుంది. మొదటి పాటకు 'రచన' అని నా పేరు వేసుకున్నాను. పెద్దమ్మ మనవడు చదివి చెప్తే ఆమె ఫోన్ చేసి, "మా అత్త పాట నువ్వెప్పుడు రాస్తివే?" అంది. మర్నాడే 'సేకరణ' అని మార్చాను.

వేరేవాళ్ళతో చేయించి చూడలేదా అంటే, చూశాను. టైముకిచ్చే ఒకాయన దగ్గర రెండు పాటలు చేయించాను. చెప్పిన రోజుకు చెప్పిన గంటకు వచ్చాయి. రెండింట్లోనూ నా 'ఉయ్యాలో' మెట్లెక్కి దిగుతోంది. చెప్తే, "మేడమ్, ఇప్పుడు ట్రెండ్ ఇదే" అన్నాడు. వాటిని ఛానెల్‌లో పెట్టలేదు.

పద్నాలుగో పాట ఇప్పుడు కృష్ణానగర్‌లోనే ఉంది. అడ్వాన్స్ ఇచ్చి పందొమ్మిది రోజులైంది. నిన్న రాత్రి ఫోన్ చేస్తే ఎత్తాడు. "రేపు పంపిస్తక్కా" అన్నాడు.