స్టెరాయిడ్ గోలీలతో కండ్లు తిరిగితే: ఆపడమా, ఓర్చుకోవడమా, పరీక్ష చేయించుకోవడమా?

ఆయాసానికో, కీళ్లవాతానికో, చర్మవ్యాధికో ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ గోలీలు వాడుతున్న వారికి కండ్లు తిరిగినప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మూడు ఆలోచనలు వస్తాయి: ఆ పూట నుంచే గోలీలు మానేయడం, ఉప్పు వేసిన మజ్జిగో గ్లూకోజ్ నీళ్లో తాగి పడుకోవడం, దవాఖానకు వెళ్లి బీపీ, షుగర్ చూపించుకోవడం. వీటిలో ఏది మేలో తేల్చడం కష్టంగా ఉండటానికి కారణం, స్టెరాయిడ్ వాడేవారిలో తల తిరగడం రెండు వ్యతిరేక కారణాల వల్ల రావచ్చు.

మందు ప్రభావం ఎక్కువైతే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, రక్తంలో షుగరూ పెరుగుతుంది. మందు చాలకపోతే జరిగేది వేరు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు బీపీని నిలబెట్టే సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను రోజూ తయారుచేస్తాయి. సుమారు 3 వారాలకు మించి గోలీలు వాడితే అవి ఆ పని తగ్గించుకుంటాయి కనుక, మందు ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోయి, వాంతులు, తీవ్రమైన నీరసం, లేవగానే కండ్లు చీకట్లు కమ్మడం మొదలవుతాయి.

కాబట్టి సొంతంగా మానేయడమే మూడింటిలో అత్యంత ప్రమాదకరమని నేను గట్టిగా చెబుతాను. కండ్లు తిరుగుతున్నాయని ఆపిన గోలీయే వాటిని మరింత తిప్పవచ్చు, ప్రాణం మీదికీ తేవచ్చు. కొద్ది రోజులకే రాసిన కోర్సును గడువు ముగిశాక ఆపడం సాధారణంగా ఇబ్బంది కాదు. దీర్ఘకాలం వాడినదాన్ని మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కన మెల్లమెల్లగా తగ్గించాలి.

ఇక ఓర్చుకోవడం. ఎండలో పనిచేసి వచ్చినవారికి మజ్జిగ మేలు చేస్తుందన్న నమ్మకం తప్పు కాదు, కానీ బీపీ పెరిగి తల తిరుగుతున్న మనిషికి ఉప్పు, షుగర్ పెరిగిన మనిషికి గ్లూకోజ్ నష్టమే చేస్తాయి. ఏది పెరిగిందో, ఏది తగ్గిందో తెలియకుండా ఇంటి వైద్యం ఎంచుకోలేము.

అందువల్ల పరీక్షే మేలు. పల్లె దవాఖానలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బీపీ, షుగర్ చూస్తారు. అయితే ఆ పరీక్షలు ఎలా చేయించుకోవాలన్నదీ ముఖ్యమే. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూడమని అడగాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ తల తిరుగుడుకు లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోవడం కారణమై ఉండవచ్చు. పొద్దున వేసుకునే ప్రెడ్నిసోలోన్ మధ్యాహ్నం, సాయంత్రాల్లోనే షుగర్‌ను ఎక్కువగా పెంచుతుంది కనుక, పరగడుపున చూసి బాగుందని నిశ్చింతగా ఉండరాదు; మధ్యాహ్న భోజనం తర్వాత కూడా చూపించుకోవాలి. ఆ అంకెలతో, వాడుతున్న గోలీలన్నింటితో మందు రాసిన డాక్టర్‌ను అదే రోజు సంప్రదిస్తే, మోతాదు తగ్గించాలా, బీపీ లేదా షుగర్ మందు మార్చాలా అన్నది ఆయన తేల్చగలరు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీటి వల్ల కీళ్లు, ఎముకల నొప్పులతో బాధపడినవారు ఎందరో ఉన్నారు. నొప్పి తగ్గాలని ఊళ్లో వేయించుకునే సూదిలో డెక్సామెథసోన్ ఉంటే, తాము స్టెరాయిడ్ వాడుతున్నామన్న సంగతే వారికి తెలియదు. దాని 0.75 మిల్లీగ్రాములు ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములతో దాదాపు సమానం. ఏ సూది వేశారో చీటీ మీద రాయించుకొని, దాన్ని కూడా డాక్టర్‌కు చూపాలి.

స్పృహ తప్పినా, మూతి వంకర పోయినా, ఒక చేయి లేదా కాలు పడిపోయినా, మాట తడబడినా, వేసుకున్న గోలీ నిలవకుండా వాంతులవుతున్నా, మలం నల్లగా తారులా వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. స్టెరాయిడ్‌తోపాటు నొప్పి గోలీలు కూడా వేసుకునేవారిలో కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. మలం నల్లబడి తల తిరుగుతుంటే దానికి అదే కారణం కావచ్చు. అంబులెన్స్ సిబ్బందికి మొదటే ‘స్టెరాయిడ్ వాడుతున్న మనిషి’ అని చెప్పాలి.