నాలుగేళ్ళు దాటిన మా వీఏ ప్యానెల్ టీవీ: నలుపు గురించి, దాని వెనకాల లైటు గురించి

నాలుగేళ్ళ నాలుగు నెలలు వాడాక రాస్తున్నా. కొన్న మొదటి నెలలో కూడా ఒక రివ్యూ రాశాను, అందులో "కళ్ళు మూసుకుని కొనేయండి" అని ఉంది, అది చదివి కొన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి మిగతా కథ కూడా చెప్పాలి కదా.

55 అంగుళాలు, 4కే, వీఏ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం), డైరెక్ట్ లిట్ బ్యాక్‌లైట్ (తెర వెనకాల అంతటా పరిచిన ఎల్ఈడీలు), లోకల్ డిమ్మింగ్ (చీకటిగా ఉన్న చోట మాత్రం లైటు తగ్గించడం) లేదు. మిగతావి డబ్బా మీదే ఉంటాయి. బ్రాండ్ పేరు చెప్పను, ఈ బడ్జెట్లో ఏ బ్రాండ్ తీసుకున్నా లోపల సరుకు ఇంచుమించు ఇదే, పైగా ఒకే మోడల్‌లో ఒక సైజుకి వీఏ, ఇంకో సైజుకి ఐపీఎస్ (ఇంకో రకం ఎల్‌సీడీ ప్యానెల్) వేసేస్తారు, అందుకని పేరు చూసి కొంటే లాభం లేదు.

నాకు టీవీలో పిచ్చి ఒక్కటే, నలుపు. రంగులు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటా, సౌండ్‌కి స్పీకర్ పెట్టుకుంటా, కానీ చీకటి సీన్లో తెర బూడిద రంగులోకి వెళ్ళిందంటే ఇంక సినిమా మీద మనసు నిలవదు. ఈ జబ్బు అంటించింది మా పాత ప్లాస్మా టీవీ. ఇద్దరు మోయాల్సినంత బరువు, వెనక చెయ్యి పెడితే కాలేంత వేడి, కరెంటు తినేసేది, అయినా రాత్రి లైట్లార్పి సినిమా పెడితే తెర అంచెక్కడో గోడెక్కడో తెలిసేది కాదు. ప్లాస్మాలో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, వెనకాల వేరే లైటుండదు. పానాసోనిక్ 2013లో వాటిని చెయ్యడం ఆపేసింది, 2014లో సామ్‌సంగ్, ఎల్‌జీ కూడా ఆపేశాయి. మాది పాడయ్యేసరికి పార్టులు దొరకలేదు. తాత్కాలికంగా ఒక చిన్న ఐపీఎస్ టీవీ తెచ్చి పెట్టుకుంటే, దాంట్లో రాత్రి ఆకాశం తడి సిమెంటు గోడలా కనపడేది.

అప్పుడు కూర్చుని చదివా. ఎల్‌సీడీ టీవీ ఏదైనా సరే, ఎల్ఈడీ అని రాసినా క్యూఎల్ఈడీ అని రాసినా, వెనకాల ఒక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న లిక్విడ్ క్రిస్టల్స్ పని తలుపులు తియ్యడం, మూయడం. ఐపీఎస్‌లో ఆ తలుపు సరిగ్గా పడదు, సందుల్లోంచి వెలుతురు కారుతుంది, కాంట్రాస్ట్, అంటే తెలుపు వెలుగుకీ నలుపు వెలుగుకీ ఉండే నిష్పత్తి, 1000:1 దగ్గర ఆగిపోతుంది. వీఏలో కరెంటు లేనప్పుడు క్రిస్టల్స్ నిటారుగా నిలబడి లైటుని గట్టిగా ఆపుతాయి, అందుకే 3000:1 నుంచి 5000:1 దాకా వస్తుంది. అంటే తెల్లదనం ఒకేలా ఉన్నా వీఏలో నలుపులోంచి కారే వెలుతురు మూడో వంతో, ఐదో వంతో, అంతే. ఇది చదివాక నాకు వేరే సంగతి పట్టలేదు.

షాపుకి ఒక పెన్ డ్రైవ్ పట్టుకెళ్ళా. దాంట్లో నేను చేసుకున్న మూడు వీడియోలు: మొత్తం నలుపు మీద చిన్న తెల్ల చుక్క నడవడం, లేత బూడిద రంగు ఒకటే నిండుగా, నలుపు మీద తెల్ల సబ్‌టైటిల్. షాపులో టీవీలన్నీ డెమో మోడ్‌లో ఉంటాయి, బ్యాక్‌లైట్ నూటికి నూరు, రంగులు కళ్ళు పొడిచేలా, పైన ట్యూబ్‌లైట్లు. ఆ వెలుతురులో ఏ టీవీ నలుపైనా నలుపే. మోడ్ మార్చి, ఆ వరసలో లైట్లు ఆపమని బతిమాలి నా వీడియో పెడితే అక్కడి కుర్రాడు ఓ నిమిషం చూసి "సార్, టీవీ ఆన్ అవలేదు, రిమోట్ ఇవ్వండి" అన్నాడు. నేను మనసులో ఆ టీవీనే ఖాయం చేసేసుకున్నా.

క్యూఎల్ఈడీ కూడా చూపించాడు. నీలం లైటు ముందు క్వాంటమ్ డాట్ల పొర పెడతారు, ఎరుపు, పచ్చ నిక్కంగా వస్తాయి, రంగులు నిజంగానే బావున్నాయి. క్వాంటమ్ డాట్లకి 2023లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది, ఉత్త మార్కెటింగ్ అని కొట్టిపారేసే సంగతేం కాదు. కానీ నలుపుకి అది చేసే మేలేమీ లేదు, లైటు వెనకాల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పేరులో చివరి మూడక్షరాలు ఒకటే కావడంతో ఓఎల్ఈడీ అనుకుని కొనేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మినీ ఎల్ఈడీ అయితే వెనకాల లైట్లని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, చీకటిగా ఉన్న చోట ఆర్పేస్తుంది, పద్ధతి మంచిదే, కానీ నా బడ్జెట్లో దొరికినదాంట్లో ఆ ముక్కలు మరీ తక్కువ, నా సబ్‌టైటిల్ వీడియో పెడితే అక్షరాల చుట్టూ పొగమంచు కమ్మినట్టు వెలుగు. దానికంటే అసలు డిమ్మింగ్ లేనిదే నయమనిపించింది.

ఓఎల్ఈడీ సంగతి అడుగుతారని తెలుసు. మా బావమరిది ఇంట్లో ఉంది, వెళ్ళినప్పుడల్లా కుళ్ళుకుంటా. ప్లాస్మా వదిలేసిన చోటునుంచి అందుకున్న టీవీ అంటే అదే, దాంట్లోనూ ప్రతి చుక్కా తనే వెలుగుతుంది. కానీ ఒకటి నా బడ్జెట్ దానికి సగం కూడా చేరలేదు, రెండు మా అమ్మ. ఆవిడకి పొద్దున్న లేచింది మొదలు న్యూస్ ఛానెల్ మోగుతూ ఉండాలి, చూసినా చూడకపోయినా. కింద ఎర్ర పట్టీ, మూలన లోగో, గంటల తరబడి అక్కడే. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా వెలిగిన కొద్దీ అరుగుతుంది, ఎప్పుడూ వెలిగే చోట తొందరగా అరిగి మచ్చ మిగులుతుంది. ఎల్‌సీడీకి ఆ బెంగ ఉండదులే అని నన్ను నేను ఒప్పించుకున్నా. ఈ లాజిక్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనికొస్తా.

కొన్న కొత్తలో నా ఆనందం మామూలుగా లేదు. రాత్రి పదకొండు తర్వాత అందరూ పడుకున్నాక లైట్లార్పి, పిక్చర్ మోడ్ సినిమాకి మార్చి, సోఫాలో సరిగ్గా మధ్యలో కూర్చుంటే, ప్లాస్మా అంత కాకపోయినా, అంతరిక్షం సీన్లో నక్షత్రాల మధ్యన ఖాళీ ఖాళీగానే కనపడింది. ఆ మొదటి రివ్యూ అలాంటి ఒక రాత్రి రాసిందే.

అందులో రాయనివి: పక్కనుంచి చూస్తే పనికిరాదు. సోఫా పక్కన కుర్చీలో కూర్చునే మా ఆవిడకి మొహాలు పాలిపోయి కనపడతాయి, "మీకు కనిపించే సినిమా వేరు, నాకు కనిపించేది వేరు" అంటుంది, నిజమే, వీఏకి అది పుట్టుకతో వచ్చిన లోపం. చీకట్లో ఏదైనా జరజరా కదిలితే వెనకాల తోకలా నల్లటి మరక, గేమ్స్ ఆడేవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాలు ఎక్కువగా చూపించే వీడియో) అయితే పేరుకే, సిగ్నల్ తీసుకుంటుంది, చూపించే సత్తా లేదు, 1000 నిట్స్‌కి (నిట్ అంటే తెర వెలుగుకి కొలత) తయారు చేసిన సినిమాని మూడొందల చిల్లర నిట్స్‌లో ఇరికిస్తే మామూలు వెర్షన్ కంటే చీకటిగా ఉంటుంది, నేను అది ఆపేసే చూస్తా. లోపలి సాఫ్ట్‌వేర్ రెండో ఏడాదికే నత్తనడక, యాప్‌ల కోసం వేరే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకున్నా, దాని గురించి ఇంక మాటలు దండగ.

ఇప్పుడు అసలు సంగతి. మూడో ఏడు దాటాక ఒకరోజు తెర మీద కుడిపక్క, చిన్న నాణెం అంత, ఒక తెల్లటి వెలుగు చుక్క. న్యూస్ చదివే ఆవిడ భుజం మీద టార్చి వేసినట్టుంది. గుడ్డతో తుడిచా, పోలేదు. అలవాటు పడిపోయా. ఇంకో మూడు నెలలకి రెండోది వచ్చింది. అమ్మ వాటిని "ఆ రెండు చందమామలు" అనేది. ఆ తర్వాత ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి టీవీ నల్లగా ఉంది, న్యూస్ మాత్రం గట్టిగా వినపడుతోంది. రిమోట్ నొక్కితే వాల్యూమ్ మారుతోంది, ఛానెల్ మారుతోంది, బొమ్మ లేదు. ఆపి మళ్ళీ వేస్తే ఒక్క సెకను బొమ్మ మెరిసి ఆరిపోతోంది. నేను ఏళ్ళ తరబడి వెతుక్కున్న సంపూర్ణమైన నలుపు అదే, ఇంత కచ్చితంగా దొరుకుతుందని అనుకోలేదు.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒకాయన వచ్చి, వెనక మూత కూడా విప్పకుండా, ప్యానెల్ పోయింది, మార్చాలి, దానికయ్యే ఖర్చు దాదాపు కొత్త టీవీ ఖరీదు అని చెప్పి విజిట్ చార్జీ పట్టుకుపోయాడు. నేను నమ్మేశాను కూడా. ఆ రాత్రే ఎక్కడో చదివి ఒకటి చేసి చూశా, మీకూ పనికొస్తుంది: గది చీకటి చేసి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చి తెరకి దాదాపు ఆనించి వాలుగా పట్టుకుని చూడండి. మసకమసగ్గా, ఆ టార్చి పడిన మేరకి, బొమ్మ కదులుతూ కనపడింది. అంటే ప్యానెల్ బతికే ఉంది, తలుపులు తెరుచుకుంటున్నాయి మూసుకుంటున్నాయి, వెనకాల దీపమే ఆరిపోయింది.

ఒక పాత మెకానిక్ గారిని పట్టుకుంటే ఆయన ఇంటికొచ్చి మంచం మీద ఉతికిన దుప్పటి పరవమన్నారు. టీవీ బోర్లా పడుకోబెట్టి, మూత తీసి, తిప్పి, ఫ్రేమ్ తీసి, అద్దానికి వాక్యూమ్ కప్పులు అంటించి, ఒక పక్క ఆయన, ఒక పక్క నేను, కాగితం మీద నీళ్ళున్నట్టు ఎత్తి పక్కన పెట్టాం. అంచుకి సన్నటి రిబ్బన్లు వేలాడుతుంటాయి, అందులో ఒకటి చిరిగితే అప్పుడు నిజంగానే ప్యానెల్ పోయినట్టు, ఆ పది సెకన్లు నేను ఊపిరి పీల్చలేదు. దాని కింద తెల్లటి పొరలు, వాటి కింద పట్టీల మీద వరసగా ఎల్ఈడీలు, ఒక్కోదాని మీద గుండీలాంటి ప్లాస్టిక్ లెన్స్. రెండు చోట్ల గుండీ లేదు, రెండూ అడుగున పడి ఉన్నాయి. అమ్మ చందమామలు అవే: వేడికి జిగురు వదిలి లెన్స్ రాలిపోతే వెలుతురు పరుచుకోకుండా తిన్నగా తెరకి తగులుతుంది. ఇక ఆరిపోవడానికి కారణం ఒకే ఒక్క ఎల్ఈడీ, పసుపుపచ్చ చుక్క నడిమధ్యన అగరుబత్తితో కాల్చినట్టు నల్ల మచ్చ. అన్నీ ఒకే వరసలో, సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే కరెంటు దారి ఆగిపోతుంది, లైట్లకి కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ అది పసిగట్టి మొత్తం కట్టేస్తుంది.

"బ్యాక్‌లైట్ ఎంత మీద పెట్టుకున్నారు సార్?" అని అడిగారు. వంద. డబ్బాలోంచి తీసినప్పుడు ఎంతుందో అంతే, పగలు మోడ్ జోలికి ఎవరూ పోలేదు, నేను రాత్రి పిక్చర్ మోడ్ మార్చుకునేవాణ్ణి అంతే. రోజుకి పది గంటలు లెక్కేస్తే పదిహేను వేల గంటలు దాటింది, అదీ ఫుల్ వేడి మీద. ఓఎల్ఈడీ కొంటే అమ్మ న్యూస్ దాన్ని అరగదీస్తుందని భయపడ్డానే, అదే న్యూస్ దీని దీపం ఆర్పేసింది.

ఒక్క పట్టీ మారిస్తే ఆ చోటే తెల్లగా కనపడుతుందని మొత్తం సెట్టు మార్చారు. ఖర్చు కొత్త టీవీలో ఐదో వంతు కూడా కాలేదు. కొత్త లైట్లు కాస్త నీలంగా ఉన్నాయి, కలర్ టెంపరేచర్ వార్మ్‌లోకి దింపితే సరిపోయింది, దాదాపుగా. పొరలు మళ్ళీ వేసేటప్పుడు ఎక్కడిదో దుప్పటి నూలుపోగు ఒకటి లోపల ఇరుక్కుంది, కింద ఎడమ మూలన, మంచు సీన్లు వస్తే వంకరగా కనపడుతుంది. దానికోసం మళ్ళీ విప్పే ధైర్యం నాకు లేదు, ఆయనకీ లేదు.

అయితే మళ్ళీ ఇదే రకం కొంటావా అంటే, నా వరకు అవును, కానీ నా వరకు అంటే రాత్రిపూట, చీకట్లో, ఒక్కణ్ణే, ఎదురుగా కూర్చుని చూసేవాడి వరకు. ఇంటిల్లిపాదీ గదికి నాలుగు మూలలా కూర్చుని చూసే ఇల్లయితే, కిటికీ ఎదురుగా టీవీ పెట్టే ఇల్లయితే నా మాట వినకండి, ఐపీఎస్ తీసుకుని నలుపు సంగతి మర్చిపోండి, పగటి వెలుతురులో ఆ తేడా మీకు కనపడదు కూడా. న్యూస్ మోత లేని ఇల్లు, చేతిలో కాస్త డబ్బు ఉంటే ఓఎల్ఈడీ వైపే చూడండి. ఎల్‌సీడీ ఏది కొన్నా బ్యాక్‌లైట్ సెట్టింగ్ వెతికి యాభై అరవైకి దింపండి, మొదటి రెండు రోజులు మసగ్గా అనిపిస్తుంది, తర్వాత కళ్ళు సర్దుకుంటాయి. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ వేరు, బ్యాక్‌లైట్ వేరు, బ్రైట్‌నెస్ తగ్గిస్తే చీకటి భాగాలు మూసుకుపోతాయి తప్ప దీపం వేడి తగ్గదు.

మా బ్యాక్‌లైట్ ఇప్పుడు 55 మీద ఉంది. అమ్మకి అది చాలట్లేదు, తెర గుడ్డిదైపోయింది అంటోంది, ఆ సెట్టింగ్ ఎక్కడుందో మాత్రం ఇంకా చూపించలేదు.